చమురు బావులూ నమ్మిన బంట్లూ

2013 అక్టోబరు 9న అజర్‌బైజాన్‌లో అధ్యక్ష ఎన్నికలు. పోలింగుకు ముందురోజే ఎన్నికల సంఘం వారి మొబైల్ యాప్‌లో ఫలితాలు ప్రత్యక్షమయ్యాయి. అధ్యక్షుడు ఇల్హామ్ అలియెవ్‌కు 72.76 శాతం, ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థి, చరిత్రకారుడు జమీల్ హసన్లీకి 7.4 శాతం. గగ్గోలు లేచాక, అవి పరీక్ష కోసం ఎక్కించిన 2008 ఎన్నికల లెక్కలని యాప్ తయారుచేసినవాళ్ళు సర్దిచెప్పబోయారు. 2008లో పోటీయే చేయని హసన్లీ పేరు అందులోకి ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు. మర్నాడు జనం ఓట్లు వేశారు. అధికారిక లెక్కలో అలియెవ్‌కు దాదాపు 85 శాతం వచ్చాయి. ఓటర్లు యాప్ కన్నా ఉదారంగా ఉన్నారన్నమాట.

ఇంత బాహాటంగా ఎన్నికలు నడిపే ప్రభుత్వానికి ఆ ధీమా ఎక్కడిది? చమురు వల్ల, అని ఠక్కున జవాబు వస్తుంది. ఆ జవాబు వెనక అర్ధ శతాబ్దపు పాండిత్యం ఉంది. 1970లో హుస్సేన్ మహ్‌దవీ అనే ఆర్థికవేత్త ఇరాన్‌ను ఉదాహరణగా తీసుకుని, భూమిలోంచి ఊరికే వచ్చే రాబడితో బతికే రాజ్యం ఎలా ఉంటుందో వర్ణించాడు. ప్రజల దగ్గర పన్నులు వసూలు చేయనక్కర్లేని ప్రభుత్వానికి ప్రజలకు లెక్క చెప్పే అగత్యమూ ఉండదన్నది ఆ వాదన సారం. 2001లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ రాస్ 113 దేశాల లెక్కలు తీసి, చమురు ప్రజాస్వామ్యానికి అడ్డుపడుతోందని తేల్చాడు. తాయిలాలతో జనం నోరు మూయించడం, పోలీసునూ గూఢచారినీ మేపడం, డబ్బు పెరిగినా సమాజం మాత్రం మారకపోవడం: ఈ మూడు దారుల్లో అది జరుగుతుందన్నాడు. 2011లో స్టీఫెన్ హేబర్, విక్టర్ మెనాల్డో ఇంకా వెనక్కి, దశాబ్దాల చరిత్రలోకి వెళ్ళి లెక్కకట్టి అలాంటి శాపమేదీ లేదన్నారు. 1970ల్లో చమురు జాతీయం అయ్యాకే శాపం మొదలైందని రాస్, ఆయన సహరచయిత 2014లో బదులిచ్చారు. ఈ వాగ్వాదం ఇప్పటికీ తెగలేదు. ప్రపంచంలోని దేశాలన్నీ ఒక పట్టికలో పోసి లెక్కిస్తున్నంతకాలం తెగదని కూడా నా అనుమానం.

అందుకే ఈ ప్రశ్నకు మాజీ సోవియట్ దేశాల కన్నా మంచి పరీక్షాస్థలం లేదు. 1991 డిసెంబరు నాటికి 15 రిపబ్లిక్కులు ఒకే ఇంట్లోంచి వేరుపడ్డాయి. అదే పార్టీ యంత్రాంగం, అవే కర్మాగారాలు, అదే కేజీబీ, అదే రకం ఫైళ్ళు. కొన్నింటికి చమురో వాయువో దక్కింది, మిగతావాటికి లేదు. దక్కిన నాలుగూ, అంటే రష్యా, కజకిస్తాన్, అజర్‌బైజాన్, తుర్క్‌మెనిస్తాన్, ఏకవ్యక్తి పాలనలోకే చేరాయి. సూత్రం రుజువైనట్టే కనిపిస్తుంది.

కానీ చమురు లేనివాళ్ళను కూడా చూడాలి కదా. తజికిస్తాన్‌లో రహ్మాన్ 1992 నుంచి దిగలేదు. బేలారస్‌లో లుకషెంకో 1994 నుంచి అంతే. ఉజ్బెకిస్తాన్‌లో ఉన్న వాయువు ఎక్కువగా ఇంట్లోనే ఖర్చయిపోయేది, అయినా కరీమొవ్ 2016లో పోయేదాకా ఏలాడు. మరోవైపు, మన జిల్లాల పిల్లలు ఎంబీబీఎస్ కోసం వెళ్ళే కిర్గిజ్‌స్తాన్‌లో 2005, 2010, 2020లలో జనం ముగ్గురు అధ్యక్షులను తరిమేశారు. జార్జియా, ఉక్రెయిన్, ఆర్మేనియాల్లోనూ వీధి పోరాటాల వల్ల పాలకులు దిగిపోయారు. చమురు లేని దేశం ఎటైనా పోవచ్చు, అక్కడ పుట్టే ప్రజాస్వామ్యానికి పూచీ ఏమీ లేదు. చమురున్న దేశం మాత్రం ఒకే వైపు పోయి అక్కడే నిలబడిపోయింది. బేలారస్ ఈ లెక్కను మరింత తికమక పెడుతుంది. అక్కడ బావులు నామమాత్రం. రష్యా నుంచి చవగ్గా వచ్చిన ముడిచమురును మోజిర్, నవపోలత్స్క్ రిఫైనరీల్లో శుద్ధి చేసి యూరప్‌కు అమ్ముకుంటూ లుకషెంకో ఏళ్ళ తరబడి ఖజానా నింపుకున్నాడు. బావి పక్కింట్లో ఉన్నా సరిపోతుంది, తోడుకోనిస్తే చాలు.

తేదీలు చూస్తే కథ ఇంకా మారుతుంది. బాకూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రపంచ చమురులో దాదాపు సగం తీసిన నగరం. నోబెల్ సోదరులు అక్కడే కోట్లు గడించారు. కానీ స్వతంత్ర అజర్‌బైజాన్ కళ్ళు తెరిచేనాటికి పాత బావులు వట్టిపోతున్నాయి, కరబాఖ్‌లో యుద్ధం నడుస్తోంది. 1992 జూన్‌లో ఉన్నంతలో స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో అబుల్‌ఫజ్ ఎల్చిబెయ్ గెలిచాడు. ఏడాది తిరక్కుండానే సూరత్ హుసేనోవ్ అనే కల్నల్ సొంత సైన్యంతో గంజా నుంచి బాకూ మీదికి కదిలాడు. ఆ గందరగోళంలో నఖ్‌చివాన్ నుంచి పిలిపించుకున్న పెద్దమనిషి హైదర్ అలియెవ్. 1967లో అజర్‌బైజాన్ కేజీబీ అధిపతి, 1969 నుంచి అక్కడి పార్టీ మొదటి కార్యదర్శి, ఆ తర్వాత మాస్కో పొలిట్‌బ్యూరో సభ్యుడు, 1987లో గోర్బచేవ్ సాగనంపిన మనిషి. 1993 అక్టోబరులో 98 శాతం పైగా ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఖజానాలో చమురు డబ్బు దాదాపు లేదు.

‘శతాబ్దపు ఒప్పందం’ అని పేరుపడిన ఒడంబడిక మీద బీపీ తదితర కంపెనీలతో సంతకాలు జరిగింది 1994 సెప్టెంబరు 20న. 1,768 కిలోమీటర్ల బాకూ–జైహాన్ గొట్టపు మార్గం పూర్తిగా నడిచింది 2006లో. మధ్యలోని ఈ పన్నెండేళ్ళను సిద్ధాంతకారులు తొందరగా దాటేస్తారు. అసలు సంగతంతా అక్కడే ఉంది. ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే హుసేనోవ్ వర్గం తిరుగుబాటుకు దిగింది. అప్పటికి ఆయన ఆ దేశ ప్రధానమంత్రి! 1995 మార్చిలో ప్రత్యేక పోలీసు దళం మరో తిరుగుబాటు చేసింది. దాన్ని కాల్పులతో అణిచారు. డబ్బు లేనప్పుడు ప్రతి కల్నల్‌కూ కుర్చీ మీద కన్నే. డబ్బు ప్రవహించడం మొదలయ్యాక, పంచిపెట్టే చేయి ఒక్కటే అని అందరికీ అర్థమయ్యాక, ఇలాంటి సాయుధ తిరుగుబాటు మళ్ళీ జరగలేదు.

చమురు నియంతను పుట్టించదు. నియంత ముందే ఉన్నాడు, సోవియట్ కొలువులో తర్ఫీదయ్యే వచ్చాడు. చమురు చేసే పని అతని చుట్టూ ఉన్నవాళ్ళను చెదిరిపోకుండా పట్టి ఉంచడం. ఈ దేశాల్లో ప్రభుత్వాలను కూల్చగలిగేది ముందుగా జనం కాదు. లోపలివాళ్ళు, అంటే మంత్రులు, భద్రతాధికారులు, అల్లుళ్ళు, బ్యాంకుల యజమానులు. వాళ్ళు రెండుగా చీలినప్పుడే వీధిలోని జనానికి దారి దొరుకుతుంది. హెన్రీ హేల్ 2014లో వచ్చిన పుస్తకంలో ఈ దేశాల రాజకీయాన్ని పోషకుడి చుట్టూ అల్లుకున్న పరిచయాల గోపురంగా చూపించాడు. ఆ గోపురాన్ని నిలబెట్టేది భక్తీ కాదు, సిద్ధాంతమూ కాదు, రేపు కూడా ఈయనే ఉంటాడన్న అంచనా. ఆయన ఉండడన్న గుసగుస మొదలైతే బంట్లు కొత్త దొరను వెతుక్కుంటారు. హేల్ ఆ అంచనాను రాజ్యాంగాలతో, పదవీకాలాలతో ముడిపెట్టాడు. చమురుకు ఆయన ఇచ్చిన చోటు చిన్నది, ఇంకొంచెం పెద్దది ఇవ్వాల్సిందని నాకనిపిస్తుంది. ఆ అంచనా ఏటా నిలబడాలంటే ఏటా ఖర్చు ఉంటుంది.

బాకూలో 2005 అక్టోబరు చూడండి. పార్లమెంటు ఎన్నికలకు కొన్ని వారాల ముందు, ప్రవాసంలో ఉన్న మాజీ స్పీకర్ రసూల్ గులియెవ్ విమానమెక్కి బయల్దేరాడు. ఆయన బాకూ చేరనే లేదు, విమానం ఉక్రెయిన్‌లో దిగింది. ఆ రోజుల్లోనే ఆర్థికాభివృద్ధి మంత్రినీ ఆరోగ్య మంత్రినీ కుట్ర అభియోగంతో పట్టుకుపోయారు. ఇద్దరూ సొంత వ్యాపారాలూ సొంత మనుషులూ ఉన్న భారీ మంత్రులు. ఇల్హామ్ గద్దెనెక్కి రెండేళ్ళు. తండ్రి హైదర్ ఆయన్ను 1994లోనే ప్రభుత్వ చమురు కంపెనీలో ఉపాధ్యక్షుడిగా కూర్చోబెట్టి, 2003 ఆగస్టులో ప్రధానిని చేసి, ఆ డిసెంబరులో కన్నుమూశాడు. తండ్రి కాలపు పెద్దలకు కొడుకు మీద గురి కుదరాలి. కుదరనివాళ్ళు జైలుకు వెళ్ళారు, కుదిరినవాళ్ళకు మరుసటేడు పండగే. 2006లో ఆ దేశ ఆర్థిక వృద్ధి 34 శాతం దాటింది.

డబ్బు చేతులు మారే తీరు కూడా గమనించాలి. లంచమంటే బావి దగ్గర పీపాలు దొంగిలించడం అనుకుంటాం. అజర్‌బైజాన్‌లో బావి దగ్గర లెక్కలు శుభ్రంగానే ఉన్నాయి. 1999 డిసెంబరులో ప్రభుత్వ చమురు నిధి పెట్టారు. పారదర్శకతకు గాను 2007లో దానికి ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా పురస్కారం వచ్చింది. చమురు ఆదాయాల వెల్లడి కోసం నడిచే అంతర్జాతీయ వేదిక ప్రమాణాలను అందరికంటే ముందు అందుకున్న దేశం కూడా అదే, 2009లో. చెరువులోకి వచ్చే నీటికి కొలబద్ద పెట్టారు, తూము దగ్గర మాత్రం ఎవర్నీ నిలబడనివ్వలేదు. నిధి నుంచి బడ్జెట్టుకు, అక్కడి నుంచి రోడ్లకూ స్టేడియాలకూ మేడలకూ, వాటి కాంట్రాక్టుల్లోంచి అస్మదీయుల కంపెనీలకు, ఇదీ దారి. దిగుమతులూ కస్టమ్సూ మరో దారి. ఆ తూము దగ్గరికి వెళ్ళి చూసిన పాత్రికేయురాలు ఖదీజా ఇస్మాయిలోవాను 2014 డిసెంబరులో జైల్లో పెట్టారు. పౌర సంఘాల నోరు నొక్కుతున్నారన్న కారణంగా 2017 మార్చిలో ఆ అంతర్జాతీయ వేదిక సభ్యత్వాన్ని నిలిపివేస్తే, బాకూ ఏకంగా బయటికే వచ్చేసింది. చమురు నిధుల గురించి గొప్పగా రాసే ఆర్థికవేత్తలు ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కాస్త ఆగితే బాగుండేది.

కజకిస్తాన్ పద్ధతి వేరు. అధ్యక్షుడు నజర్‌బయేవ్ 1995లో పార్లమెంటును పక్కనపెట్టి రిఫరెండంతో పదవీకాలం పొడిగించుకునేనాటికి టెంగిజ్ క్షేత్రంలో షెవ్రాన్ అడుగుపెట్టి రెండేళ్ళే అయింది. విదేశీ కంపెనీలతో బేరాలకు ఆయన నమ్ముకున్న సలహాదారు జేమ్స్ గిఫెన్ అనే అమెరికన్. 2003లో న్యూయార్క్ విమానాశ్రయంలో ఆయన్ను అరెస్టు చేశారు. చమురు కంపెనీల సొమ్ములోంచి 7.8 కోట్ల డాలర్లు స్విస్ ఖాతాల మీదుగా కజక్ పెద్దలకు చేరవేశాడని అభియోగం. తాను చేసిందంతా సీఐఏకు తెలుసని గిఫెన్ వాదించాడు. రహస్య పత్రాల మీద పేచీతో కేసు ఏడేళ్ళు నడిచింది. 2010లో తేలిందల్లా చిన్న పన్ను నేరమూ, ఆయన కంపెనీ ఒక అధికారికి రెండు స్నోమొబైల్ బళ్ళు బహూకరించిందన్న ఒప్పుకోలూ. జైలు శిక్ష పడకపోగా జడ్జి ఆయన సేవలను మెచ్చుకున్నాడు. స్విస్ బ్యాంకుల్లో పట్టుబడ్డ 8.4 కోట్ల డాలర్లతో కజక్ పేదపిల్లల కోసం బోతా అనే ఫౌండేషన్ పెట్టారు. ఆ డబ్బు కజక్ ప్రభుత్వం చేతిలో పడకుండా చూసుకోవడమే ఆ ఏర్పాటులో అన్నిటికన్నా పెద్ద షరతు.

విదేశీ పెట్టుబడి వచ్చిన చోట సొంత కాళ్ళ మీద నిలబడే ధనికులూ పుడతారు. 2001 నవంబరులో బ్యాంకర్లూ ఉపమంత్రులూ ఒక గవర్నరూ కలిసి ‘కజకిస్తాన్ ప్రజాస్వామిక ఎంపిక’ అనే సంస్థ పెట్టారు. నజర్‌బయేవ్ అల్లుడొకడు తమ వ్యాపారాల మీద పడుతున్నాడన్నది వాళ్ళ అసలు బాధ. ఏడాదిలోపే ముఖ్యులిద్దరికి జైలు. మిగిలినవాళ్ళలో చాలామంది రాజీపడి మెల్లగా కొలువులోకి తిరిగొచ్చారు. కర్రా బెల్లమూ రెండూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఇంతకన్నా జరిగేది ఉండదు.

ఇక్కడే పండితుల్లో ఇంకో తగువు. 2010లో పాలీన్ జోన్స్ లువాంగ్, ఎరికా వైన్‌థాల్ తమ పుస్తకంలో, శాపం చమురుది కాదు, యాజమాన్యానిది అన్నారు. బావులు దేశీయ ప్రైవేటు చేతుల్లో ఉంటే ప్రభుత్వానికీ యజమానులకీ మధ్య బేరసారాలు జరిగి, పన్నులకూ నియమాలకూ ఒక క్రమం ఏర్పడుతుందని వాళ్ళ ఆశ. రష్యా అందుకు ఉదాహరణ. ఉదాహరణ మాత్రం పుస్తకం కన్నా ముందే చేజారింది. 2003 అక్టోబరు 25న నోవోసిబిర్స్క్ విమానాశ్రయంలో యూకోస్ అధిపతి మిఖాయిల్ ఖొదొర్కోవ్‌స్కీని సాయుధులు విమానంలోంచి దించి పట్టుకుపోయారు. ఏడాది తర్వాత, 2004 డిసెంబరు 19న, పన్ను బకాయిల పేరిట యూకోస్ గుండెకాయలాంటి యుగాన్స్క్ విభాగాన్ని వేలం వేశారు. 9.35 బిలియన్ డాలర్లకు పాడుకున్నది బైకాల్‌ఫినాన్స్‌గ్రుప్ అనే, అంతకుముందు ఎవరూ వినని కంపెనీ. విలేకరులు ఎగబడి త్వేర్ పట్టణంలో దాని చిరునామాకు వెళితే అక్కడున్నవి ‘లండన్’ అనే బారూ కొన్ని దుకాణాలూ. రోజుల్లోనే ఆ కంపెనీని ప్రభుత్వ సంస్థ రోస్‌నెఫ్ట్ కొనేసింది. ఆ రోస్‌నెఫ్ట్ బోర్డుకు ఆ ఏడాదే అధ్యక్షుడైనవాడు పుతిన్ ఆంతరంగికుడు ఇగోర్ సెచిన్. ప్రైవేటు యాజమాన్యం నియమాలను తెస్తుందన్న వాదన తప్పని నేను అనను. ఆ యాజమాన్యం తనను తాను కాపాడుకోగలదా అన్న ముందు ప్రశ్నను ఆ పుస్తకం తేలిగ్గా తీసుకుంది.

తాయిలాల సిద్ధాంతం అక్షరాలా కనిపించేది తుర్క్‌మెనిస్తాన్‌లో. 1993 నుంచి ఇళ్ళకు వాయువు, కరెంటు, నీళ్ళు, ఉప్పు ఉచితం. బదులుగా జనం అధ్యక్షుడు నియాజోవ్ బంగారు విగ్రహం సూర్యుడితో పాటు తిరుగుతుంటే చూశారు, ఆయన పేరూ తల్లి పేరూ నెలలకు పెడితే కాలెండర్లు మార్చుకున్నారు. వాయువు మీద వచ్చిన డాలర్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక జర్మన్ బ్యాంకులో ఆయన చెప్పుచేతల్లో ఉన్న ఖాతాల్లో పడ్డాయని గ్లోబల్ విట్‌నెస్ సంస్థ 2006లో బయటపెట్టింది. ఇప్పుడు అసలు పరీక్ష. 2019 జనవరి 1న ఆ ఉచితాలన్నీ ఎత్తేశారు. తాయిలాలకే జనం లొంగి ఉన్నారన్నది నిజమైతే ఏదో ఒకటి జరగాలి. ఏమీ జరగలేదు. మూడేళ్ళకు, నియాజోవ్ తర్వాత వచ్చిన అధ్యక్షుడు బెర్దిముహమేదొవ్ కుర్చీని కొడుక్కి అప్పగించాడు. చమురు ధర పడిపోయిన 2015లో అజర్‌బైజాన్ కరెన్సీ మనాత్ విలువను రెండుసార్లు పడేశారు. 2016 జనవరిలో కొన్ని చిన్న పట్టణాల్లో పిండి ధర మీద జనం వీధుల్లోకి వస్తే కొంత పన్ను తగ్గించారు, కొందర్ని లోపలేశారు, అంతటితో సరి. ధర పడితే దొర పడతాడన్న జోస్యం ఈ ప్రాంతంలో ఇంతవరకూ ఫలించలేదు. లోపలివాళ్ళు చీలకపోవడమే కారణం.

చీలితే ఏమవుతుందో 2022 జనవరిలో కజకిస్తాన్ చూపించింది. గొడవ మొదలైంది చమురు ఊరు జానాఓజెన్‌లోనే. 2011 డిసెంబరు 16న సమ్మెలో ఉన్న చమురు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపి పదిమందికి పైగా ప్రాణాలు తీసిన ఊరది. ఈసారి కారణం బళ్ళలో పోసుకునే గ్యాసు, లీటరు 60 టెంగెల నుంచి 120కి పోయింది. చమురు తీసే ఊళ్ళో ఇంధనం రెట్టింపైతే ఎవరికి మండదు! రోజుల్లో అది అల్మాటీ చేరి ‘షల్, కెత్!’ (ముసలాయనా, పో!) అన్న కేకగా మారింది. ఆ ముసలాయన మూడేళ్ళ కిందటే రాజీనామా చేసిన నజర్‌బయేవ్. కుర్చీ తొకాయెవ్‌కు ఇచ్చి భద్రతా మండలి పగ్గాలు తన దగ్గరే ఉంచుకోవడంతో బంట్లకు ఇద్దరు దొరలయ్యారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 238 మంది చనిపోయారు. రష్యా నాయకత్వంలోని సేనలు దిగాయి. దుమ్ము అణిగాక తేలిందేమిటి? మాజీ ప్రధాని, గూఢచార సంస్థ అధిపతి కరీమ్ మసీమొవ్‌కు దేశద్రోహం కింద 18 ఏళ్ళ జైలు, నజర్‌బయేవ్ తమ్ముడి కొడుకొకడికి ఆరేళ్ళు, రాజధానికి మళ్ళీ పాత పేరు. జానాఓజెన్ కార్మికుడు అడిగినదాంట్లో దక్కింది గ్యాసు ధర తగ్గింపు. పైవాళ్ళు తమ లెక్కలు తాము సరిచేసుకున్నారు.

కొనేవాళ్ళ పాత్ర ఇలాంటి వ్యాసాల్లో తరచు తప్పిపోతుంది. 2022 జూలైలో రష్యా వాయువుకు ప్రత్యామ్నాయం వెతుక్కుంటూ యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు బాకూ వెళ్ళి, 2027 నాటికి దిగుమతి రెట్టింపు చేసే పత్రం మీద సంతకం పెట్టారు. అంతకు నాలుగేళ్ళ ముందే యూరప్ మండలి పార్లమెంటరీ సభ వేసిన విచారణ, తమ సభ్యుల్లో కొందరు అజర్‌బైజాన్ కోసం అవినీతికి పాల్పడ్డారన్న బలమైన అనుమానం వెలిబుచ్చింది. మనమూ దూరంగా లేము. ఓఎన్‌జీసీ విదేశ్‌కు బాకూ తీరంలోని ఆ ‘శతాబ్దపు ఒప్పందం’ క్షేత్రంలో 2013 నుంచి చిన్న వాటా ఉంది, రష్యాలో సఖాలిన్‌లోనూ ఉంది. 2022 తర్వాత మన దేశం కొన్న ముడిచమురులో మూడోవంతు దాకా రష్యాదే. కొనొద్దని చెప్పే నైతికాధికారం ఇంధనం తగలేసేవాళ్ళెవరికీ లేదు. కానీ ఆ పాలకుల స్థిరత్వాన్ని వాళ్ళ సమాజపు స్వభావంగా రాసేసి, తమ చెక్కుల సంగతి వదిలేసే పాశ్చాత్య వ్యాఖ్యానం సగం నిజమే.

ఆ శతాబ్దపు క్షేత్రంలో ఉత్పత్తి 2010 నాటి శిఖరంతో పోలిస్తే సగం కన్నా కిందికి దిగింది. ఒప్పందాన్ని 2017లోనే శతాబ్దం మధ్యదాకా పొడిగించారు, 2024 చివరికి నిధిలో సుమారు 60 బిలియన్ డాలర్లు ఉన్నాయి, కాబట్టి రేపే కరువు రాదు. అయినా బల్ల చుట్టూ కుర్చీలు తగ్గుతున్నాయి. 1995 నుంచి 2019 దాకా అధ్యక్ష కార్యాలయాన్ని నడిపి, తండ్రీకొడుకులిద్దరి కాలంలోనూ చక్రం తిప్పిన రమీజ్ మెహ్దియెవ్‌ను 2025 అక్టోబరులో కుట్ర, దేశద్రోహం అభియోగాల మీద గృహనిర్బంధంలో పెట్టారు. పత్రికలు దాన్ని బాకూ–మాస్కో తగాదాలో ఒక ఘట్టంగా చదివాయి. నేనైతే దాన్ని తగ్గుతున్న పీపాల లెక్క పక్కన పెట్టి చదువుతాను.